పాత జిప్సీ ముందు ఇరుసు పని: కింగ్‌పిన్ బేరింగులు, నకిల్ సీళ్ళు, స్టీరింగ్ వాబ్లింగ్

పాత మారుతి జిప్సీ షెడ్డుకొచ్చిందంటే ఎక్కువగా రెండు ఫిర్యాదులు వింటాం. గంటకు 60 దాటాక ఒక చిన్న గుంత తగిలితే చాలు, స్టీరింగ్ చేతుల్లో ఊగిపోతుంది, బ్రేకు తొక్కి దాదాపు ఆపేదాకా ఆగదు. వాబ్లింగ్ అనేది దీన్నే, ఇది మొదటిది. ముందు చక్రం లోపలివైపు టైరు గోడ మీద నల్లటి జిడ్డు చారలు రెండోది. మొదటిదానికి వీల్ బ్యాలెన్సింగ్, ఎలైన్‌మెంట్ చేయిస్తారు, తగ్గకపోతే స్టీరింగ్ ఊపును అణిచే షాక్ అబ్జార్బర్ లాంటి డాంపర్ కొత్తది బిగిస్తారు. రెండోదానికి జిడ్డు తుడిచి పంపేస్తారు. చాలా బళ్ళలో ఈ రెండూ పుట్టేది ఒకే చోట, ముందు ఇరుసు చివరన చక్రం మలుపు తిరిగే నకిల్ దగ్గర. డాంపర్ వేస్తే ఊపు కొన్నాళ్ళు కనబడదు, అంతే. లోపల బేరింగు అరుగుతూనే ఉంటుంది.

1985 చివర్లో 970 సీసీ ఇంజనుతో జిప్సీ మన రోడ్ల మీదికొచ్చింది. 1993లో చక్రాల మధ్య వెడల్పు 90 మిల్లీమీటర్లు పెంచి పేరు చివర డబ్ల్యూ తగిలించారు. 1996లో 1298 సీసీ జిప్సీ కింగ్, 2000లో 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంధనాన్ని చిమ్మే పద్ధతి) ఇంజను వచ్చాయి. 2019లో తయారీ ఆగింది. ఇన్నేళ్ళలో ఇంజను, గేర్‌బాక్సు మారాయి గాని ముందు ఇరుసు తీరు మారలేదు. కమాన్ పట్టీల మీద కూర్చున్న గట్టి ఇరుసు, దాని రెండు చివర్లా బోలుగా ఉండే ఇనుప గుండు, ఆ గుండును కప్పుకొని పైనా కిందా రెండు కింగ్‌పిన్‌ల మీద తిరిగే నకిల్. గుండు లోపల షాఫ్టు జాయింటు ఉంటుంది. అరకు, పాడేరు వైపు తిరిగే పాత మహీంద్రా సీజే జీపుల్లోనూ ఇదే తరహా కాబట్టి, కొలతలు తప్ప ఇక్కడ చెప్పే పద్ధతి వాటికీ చాలావరకు పనికొస్తుంది. కింద ఇచ్చిన కొలతలన్నీ 1.3 లీటర్ల జిప్సీవి.

విప్పకముందు చూడాల్సింది

ముందు ఇరుసును జాకీతో లేపి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టండి. ఇటుకలు, చెక్కముక్కలు వద్దు, నకిల్ మీద సుత్తి పడేటప్పుడు బండి కదులుతుంది. చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి పట్టుకొని లోపలికీ బయటికీ ఊపండి. ఆట (లూజు) కనిపిస్తే ఇంకొకర్ని బ్రేకు గట్టిగా తొక్కి పట్టమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోయిందంటే లూజు వీల్ బేరింగులో ఉంది. తొక్కినా పోకపోతే అది కింగ్‌పిన్‌ది. బ్రేకు పట్టినప్పుడు హబ్బూ నకిలూ ఒకే ముక్కగా మారతాయి కాబట్టి వీల్ బేరింగు లెక్కలోంచి తప్పుకుంటుంది. ఈ ఒక్క పరీక్ష చేయక వీల్ బేరింగులు మార్చి డబ్బు వదిలించుకున్నవాళ్ళు బోలెడుమంది.

తర్వాత చక్రాన్ని అటూ ఇటూ, అంటే గడియారంలో మూడూ తొమ్మిదీ ఉండే చోట్ల పట్టుకొని ఊపాలి. ఇక్కడ ఆట ఉంటే లోపం టైరాడ్ (రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ) ఎండ్లలోనో, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సునుంచి చక్రాలకు వచ్చే కడ్డీ)లోనో, స్టీరింగ్ బాక్సులోనో ఉంది. ఒకరు స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు కింద పడుకొని ఒక్కో బాల్ జాయింటు మీద వేలు పెట్టి చూస్తే ఏది కదలకుండా ఉందో, ఏది కొట్టుకుంటోందో చేతికే తెలుస్తుంది.

జిడ్డు సంగతి. గుండు మీద కారినదాన్ని వేలితో తీసి వాసన చూడండి. చిక్కటి నల్లటి గ్రీజే అయితే బయటి నకిల్ సీలు ఒక్కటే పోయినట్టు. నూనెలా పలచగా ఉండి గంధకం వాసన వేస్తే ఇరుసు హౌసింగ్ (గేర్లుండే గుల్ల) ఆయిల్ లోపలి సీలు దాటి గుండులోకి వచ్చేసింది, గ్రీజును కడిగేసి బయటికి తెస్తోంది. ఇలాంటప్పుడు బయటి సీలు ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్ళు పోయాయి. వాగు దాటేటప్పుడు వేడిగా ఉన్న హౌసింగ్ ఒక్కసారిగా చల్లబడి, లోపలి గాలి ముడుచుకొని, సీలు సందుల్లోంచి నీళ్ళు పీలుస్తుంది. దీనికి మూలం బ్రీదర్. ఇరుసు హౌసింగ్ పైన చిన్న బొడిపెలా ఉంటుంది, దాని మీద మట్టి పేరుకొని రంధ్రం మూసుకుపోతే వేడికి లోపలి ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను సీళ్ళ మీదికి నెడుతుంది, చల్లబడితే నీళ్ళు లాగుతుంది. కొత్త సీలు కొద్దిరోజులకే కారుతోందంటే ముందు బ్రీదర్ చూడాలి. ఊడదీసి కిరోసిన్‌లో కడిగి, నోటితో ఊదితే గాలి వెళ్ళాలి. దానికో రబ్బరు పెట్రోల్ పైపు తగిలించి ఇంజను గది గోడ మీదికంటా తీసుకెళ్ళి కట్టేస్తే ఈ బాధ దాదాపు తీరిపోతుంది.

సామాను

రెండువైపులా ఒకేసారి చెయ్యాలి. ఒక పక్క కింగ్‌పిన్ బిగుతుగా, రెండో పక్క వదులుగా ఉంటే బండి ఒకవైపు లాగుతుంది. ఒక్కో పక్కకు రెండు కింగ్‌పిన్ బేరింగులు, నకిల్ సీలు సెట్టు, అంటే ఫెల్టు, రబ్బరు, దాని పట్టీ, లోపలి షాఫ్టు సీలు ఒకటి, హబ్ సీలు ఒకటి, స్పిండిల్ (చక్రం హబ్ ఎక్కి తిరిగే గొట్టం) లాక్ వాషరు ఒకటి. వీల్ బేరింగులు బాగుంటే మార్చనక్కర్లేదు, కాని విప్పినప్పుడే చూసి తేల్చుకోవాలి కాబట్టి చేతిలో ఉంచుకోవడం మేలు. కింగ్‌పిన్ షిమ్‌లు (సందు సర్దే పలచటి రేకులు) కంపెనీ పార్టుగా వేర్వేరు మందాల్లో వస్తాయి; 0.1, 0.5 మిల్లీమీటర్లవి కొన్ని తెచ్చిపెట్టుకోండి. లిథియం లేదా మోలీ కలిపిన లిథియం గ్రీజు 2 నంబరుది ఒక కిలో. హౌసింగ్‌కు జీఎల్-5 గేర్ ఆయిల్ 80డబ్ల్యూ-90, ముందు ఇరుసుకు 2 లీటర్లు. వెనక హౌసింగ్‌కు 1.5 లీటర్లు పడుతుంది, ఎలాగూ అదే ఆయిల్ కాబట్టి పనిలో పనిగా అదీ మార్చేయడం నా అలవాటు.

సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో బేరింగులు, ఆయిల్ సీళ్ళు కొనేటప్పుడు "జిప్సీది ఇవ్వండి" అని అడిగితే చాలదు. పాతది చేతిలో పట్టుకెళ్ళి దాని మీద చెక్కిన నంబరు, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం చూపించి తీసుకోవాలి. అట్టపెట్టె మీది పేరు నమ్మొద్దు, బేరింగు అంచు మీద అక్షరాలు పదునుగా, లోతు ఒకేలా ఉన్నాయా చూడండి. అక్షరాలు మసకగా పూసినట్టుంటే వదిలేయండి. రబ్బరు సీళ్ళు ఏళ్ళ తరబడి అరల్లో పడి గట్టిపడి ఉంటాయి. సీలు పెదవిని, అంటే షాఫ్టుకు ఆనే అంచును, వేలితో వంచి చూసి, చిన్న పగుళ్ళు కనిపిస్తే ఎంత చవకైనా వద్దు.

పనిముట్లలో ముఖ్యమైనవి మూడు. స్పిండిల్ నట్టుకు సరిపోయే లోతైన బాక్స్ పానా మొదటిది. ఊళ్ళలో చాలామంది ఈ నట్టును ఉలి పెట్టి సుత్తితో తిప్పుతారు, అందుకే పాత బళ్ళలో దాని అంచులు నలిగిపోయి ఉంటాయి. అలా బిగించిన నట్టు ఎంత బిగిసిందో కొట్టినవాడికీ తెలియదు. రెండోది బిగుతును అంకెల్లో చూపే టార్క్ పానా. మూడోది, ఈ పనికి ప్రాణంలాంటిది, కొక్కెంతో లాగే చిన్న తూకం. సామాను బ్యాగులు తూచే డిజిటల్ తూకమైనా సరే. కింగ్‌పిన్ బిగుతు చేతి అంచనాతో తేలదు, తూకం చెప్పాలి.

విప్పడం

ఆయిల్ దింపే ముందు నింపే బోల్టు వదులు చేసుకోవాలి. కింది బోల్టు విప్పి ఆయిల్ మొత్తం దింపాక పైబోల్టు తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే కూర్చుంటుంది. వెనక చక్రాలకు రెండువైపులా అడ్డాలు పెట్టి, ఫోర్ బై ఫోర్ లివర్‌ను టూవీల్ స్థానంలో ఉంచి, ముందు చక్రాలను షాఫ్టులతో కలిపే, విడదీసే ఫ్రీ వీల్ హబ్‌లు ఫ్రీ మీదికి తిప్పండి.

చక్రం తీశాక బ్రేకు క్యాలిపర్‌ను విప్పి కమాన్ పట్టీకి తీగతో వేలాడదీయాలి. గొట్టం మీద వేలాడనిస్తే లోపలి పొర చిట్లుతుంది, బయటికి కనబడదు, ఆర్నెల్లకు ఆ చక్రం బ్రేకు పట్టుకొని వదలదు. గొట్టం విప్పకపోతే బ్రేకులో గాలి తీయాల్సిన పని కూడా ఉండదు. డిస్కు హబ్‌కు అతుక్కుపోయి ఉంటుంది. దాని మీదున్న రెండు మరల రంధ్రాల్లో 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు వేసి మార్చి మార్చి కొద్దికొద్దిగా తిప్పితే అదే బయటికొస్తుంది. సుత్తితో కొట్టొద్దు, డిస్కు వంగితే బ్రేకు పెడల్ కొట్టుకుంటుంది.

తర్వాత ఫ్రీ వీల్ హబ్ మూత, షాఫ్టు చివరి సర్‌క్లిప్, హబ్ బాడీ. సర్‌క్లిప్ గాడి కనబడకపోతే షాఫ్టును లోపలి వైపు నుంచి బయటికి నెట్టి పట్టుకోవాలి. సర్‌క్లిప్ వెనక వాషర్లు ఉంటే ఎన్ని, ఏ వరుసలో అన్నది ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. లాక్ వాషరు వంచిన చెవిని తిన్నగా చేసి లాక్ నట్టు, దాని కింద బేరింగు నట్టు తీస్తే హబ్ బయటికొస్తుంది. బయటి బేరింగు కింద పడకుండా చెయ్యి అడ్డం పెట్టండి. స్పిండిల్ బోల్టులు తీశాక అది నకిల్‌కు అతుక్కొని ఉంటే పక్కలనుంచి చెక్కసుత్తితో తట్టాలి. స్పిండిల్ లోపలి కంచు బుష్ మీద గోరుతో రాసి చూడండి. బుష్ అరిగితే షాఫ్టు ఊగుతుంది, ఊగే షాఫ్టు ఏ సీలునూ బతకనివ్వదు.

స్పిండిల్ రాగానే లోపలినుంచి మురికి ఆయిల్ దూకుతుంది, కింద తట్ట ఉంచండి. షాఫ్టును జాయింటుతో సహా తిన్నగా, గుండుకు తగలకుండా బయటికి లాగాలి. లోపలి సీలు కొత్తది వేశాక తిరిగి ఎక్కించేటప్పుడూ ఇదే జాగ్రత్త: షాఫ్టు బరువు సీలు పెదవి మీద పడితే అది వేసిన రోజే పోయినట్టు. కుడి ఎడమ షాఫ్టుల పొడవులు వేరు, తారుమారు కాకుండా రంగు గుర్తులు పెట్టుకోండి.

టైరాడ్ ఎండ్‌ను నకిల్ చేతినుంచి విడదీసి, నకిల్ సీలు పట్టీ బోల్టులు ఎనిమిదీ విప్పి సీలును వెనక్కి జరపండి. ఈ బోల్టులు సన్నవి, తుప్పుపడితే తల తెగిపోతుంది, ముందురోజే నూనె వేసి ఉంచితే మేలు. ఇక కింగ్‌పిన్‌లు, పైన నాలుగు బోల్టులు, కింద నాలుగు. పైపిన్నును, దాని షిమ్‌లనూ కలిపి ఒక కవరులో, కిందివి వేరే కవరులో వేసి "ఎడమ పై", "ఎడమ కింద" అని రాసుకోండి. నకిల్ ఊడదీసేటప్పుడు కింది బేరింగు జారి పడుతుంది.

కడిగాక చూసేవి

కిరోసిన్‌తో కడిగి పాత బనియన్ గుడ్డతో తుడిచాక గుండు లోపలున్న బేరింగు కప్పులను వెలుతురులో తిప్పి చూడండి. వాబ్లింగ్ ఉన్న బండిలో వరుసగా రోలర్ల గుర్తులు పడి ఉంటాయి, చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు రోలర్లు ఎక్కడ ఆగుతాయో సరిగ్గా అక్కడ. ఏళ్ళ తరబడి బండి ఎక్కువ దూరం నేరుగానే పోతుంది కాబట్టి దెబ్బ అక్కడే పడుతుంది. అందుకే చక్రం కొద్దిగా తిప్పితే బేరింగు గట్టిగా అనిపిస్తుంది, నడిమధ్యకొస్తే వదులు. అరగని చోట బిగించి, అరిగిన చోట సరిపోయిందనుకుంటే పని చెడుతుంది. గుర్తులున్న బేరింగుకు షిమ్ తీసి బిగించడం ఎప్పటికీ మందు కాదు, కప్పుతో సహా మార్చాలి.

కప్పులను ఇత్తడి కడ్డీతో లోపలినుంచి గుండ్రంగా, కొద్దికొద్దిగా తట్టి తీయాలి. కొత్తవి ఎక్కించేటప్పుడు పాత కప్పునే అడ్డం పెట్టి కొడితే నిటారుగా కూర్చుంటాయి. కూర్చున్నప్పుడు సుత్తి శబ్దం మారుతుంది, మెత్తటి చప్పుడు పోయి ఇనుము మోగుతుంది.

గుండు బయటి ముఖం ఈ పనిలో ఎవరూ పట్టించుకోని భాగం. నకిల్ సీలు రబ్బరు దీని మీదే రాపిడవుతుంది. తుప్పు గుంటలుంటే అవి ఆకురాయిలా సీలును కోసేస్తాయి. 400, తర్వాత 800 నంబరు ఎమరీతో అడ్డంగా, చక్రం మలుపు తిరిగే దిశలో రుద్దాలి. లోతైన గుంటల్లో లోహపు ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మళ్ళీ రుద్ది నున్నగా చెయ్యాలి. గోరు పెట్టి లాగితే ఎక్కడా తట్టకూడదు.

షాఫ్టు జాయింటును ఒక చివర బెంచి వైసులో పట్టి అన్ని వైపులకూ వంచి తిప్పండి. గుంతల్లో పడి లేచినట్టు తగిలితే లోపలి గాళ్ళు అరిగాయి. బండి మీద దీని గుర్తు ఏమిటంటే, ఫోర్ బై ఫోర్‌లో వేసి స్టీరింగ్ చివరిదాకా తిప్పి మట్టిలో మెల్లగా నడిపితే టకటకమని శబ్దం వస్తుంది. చప్పుడు తక్కువగా ఉంటే ఇంకొంతకాలం వాడొచ్చు. కాని అడవి లోపలికో, వాగు అవతలికో ఒంటరిగా వెళ్ళే బండికి అలాంటి జాయింటు ఉంచుకోవద్దని నా మాట.

కింగ్‌పిన్ బిగుతు

అసలు పని ఇది. లోపలి షాఫ్టు సీలు కొత్తది, సరైన వ్యాసం ఉన్న పైపు ముక్కతో నిటారుగా దింపండి. పెదవికి గ్రీజు రాయండి. బేరింగులకు అరచేతిలో గ్రీజు వేసుకొని రోలర్ల మధ్య అంతా నిండేలా నొక్కి పెట్టండి. ఇప్పుడు నకిల్‌ను గుండు మీదికి ఎక్కించి, పాత షిమ్‌లతోనే కింగ్‌పిన్‌లు వేసి బోల్టులు 20 నుంచి 30 న్యూటన్ మీటర్లకు బిగించండి. షాఫ్టు వెయ్యొద్దు. నకిల్ సీలు వెయ్యొద్దు. టైరాడ్ తగిలించొద్దు. వీటిలో ఏది ఉన్నా దాని రాపిడి కూడా తూకంలో కలిసి లెక్క తప్పుతుంది.

నకిల్‌ను చేత్తో పదిసార్లు అటూ ఇటూ తిప్పి బేరింగులను సర్దుకోనివ్వండి. టైరాడ్ ఎండ్ కూర్చునే రంధ్రంలో తూకం కొక్కెం తగిలించి, నకిల్ చేతికి లంబంగా మెల్లగా లాగండి. కదలడం మొదలయ్యే క్షణంలో తూకం 1.0 నుంచి 1.8 కిలోల మధ్య చూపాలి. అంతకు తక్కువైతే షిమ్ మందం తగ్గించాలి, ఎక్కువైతే పెంచాలి. షిమ్ కింగ్‌పిన్ అంచుకూ నకిల్‌కూ మధ్య ఉంటుంది కాబట్టి అది పలచబడితే పిన్ను ఇంకా లోపలికి దిగి బేరింగును నొక్కుతుంది. ఒకేచోట అంతా తీసేయకుండా పైనా కిందా పంచితే నకిల్ మధ్యలోనే ఉంటుంది, షాఫ్టు జాయింటు నడిమికి సరిగ్గా తగులుతుంది. కొత్త బేరింగులకు నేను 1.5 దరిదాపుల్లో ఉంచుతాను, సర్దుకున్నాక కొద్దిగా దిగుతుంది.

అరిగిన బండిలో పాత కింగ్‌పిన్‌లు విప్పకముందే, షాఫ్టు, సీలు, టైరాడ్ తప్పించి, ఇదే కొలత తీసుకుంటే తూకం దాదాపు సున్నా చూపిస్తుంది, నకిల్ వేలితో తోస్తే ఊయలలా ఊగుతుంది. వాబ్లింగ్ కారణం అక్కడే కనిపిస్తుంది. గుంత తగిలి చక్రం ఒకసారి పక్కకు మళ్ళితే దాన్ని పట్టి ఆపే రాపిడి లేదు. అది తిరిగొచ్చి అవతలికి వెళ్తుంది, టైరాడ్ ద్వారా రెండో చక్రాన్నీ లాగుతుంది, ఇద్దరూ ఒకరినొకరు ఊపుకుంటారు. డాంపర్ ఈ ఊపును బయటినుంచి పట్టుకుంటుంది. పట్టాల్సింది మాత్రం బేరింగు.

బిగుతు ఎక్కువ చెయ్యడం కూడా ప్రమాదమే. 3 కిలోలు, 4 కిలోలు చూపేలా బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నేరుగా రాదు, ఘాట్‌లో ప్రతి మలుపుకూ చేత్తో వెనక్కి తేవాల్సి వస్తుంది. మారేడుమిల్లి, శ్రీశైలం దారుల్లో నడిపేవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది.

మళ్ళీ బిగించడం

తూకం కుదిరాక నకిల్ సీలు వరుస తప్పకుండా వేసి పట్టీ బిగించండి. ఫెల్టు ముక్కను ముందు గేర్ ఆయిల్‌లో నానబెడితే పొడిగా రాపిడవదు. జాయింటులో గ్రీజు గాళ్ళ లోపలికంటా నింపండి, గుండు ఖాళీలో ఇంకో గుప్పెడు. నిండా కుక్కితే వేడికి వ్యాకోచించి సీళ్ళను నెడుతుంది. కమాన్ పట్టీ పిన్నులకు వాడే గ్రీజు ఇందులో వెయ్యకండి.

స్పిండిల్, హబ్ వేశాక వీల్ బేరింగు నట్టు బిగింపు మూడు అంచెలు. హబ్‌ను చేత్తో తిప్పుతూ 80 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి, తర్వాత పూర్తిగా వదులు చెయ్యాలి, మళ్ళీ 10 నుంచి 15 న్యూటన్ మీటర్లకు మాత్రం బిగించాలి. తూకం కొక్కెం ఈసారి చక్రం బోల్టుకు తగిలించి లాగితే 1 నుంచి 3 కిలోల మధ్య కదలాలి. తర్వాత లాక్ వాషరు, 60 నుంచి 90 న్యూటన్ మీటర్లకు లాక్ నట్టు. లాక్ నట్టు బిగించేటప్పుడు కింది నట్టు కూడా కొంచెం తిరుగుతుంది, కాబట్టి తూకం ఇంకోసారి చూశాకే వాషరు చెవి వంచాలి. పాత వాషరు చెవిని మళ్ళీ మళ్ళీ వంచితే విరుగుతుంది, అది పావలా సామాను, కొత్తదే వెయ్యండి.

హౌసింగ్‌లో ఆయిల్ నింపే రంధ్రం అంచు దాకా, పొర్లడం మొదలయ్యేదాకా పోయాలి. రెండు లీటర్ల డబ్బా దాదాపు మొత్తం పడుతుంది. బండి సమతలంగా ఉన్నప్పుడే ఇది లెక్క. జాకీ మీద ఒక పక్కకు లేచి ఉంటే తక్కువ పడినా నిండినట్టే కనిపిస్తుంది.

ఇక టో, అంటే ముందు చక్రాలు ముందువైపు ఎంత లోపలికి తిరిగి ఉన్నాయన్నది. టైరాడ్ మరలు ఒక చివర కుడి, ఒక చివర ఎడమ కాబట్టి విప్పకుండానే తిప్పితే పొడవు మారుతుంది. టైర్ల మధ్య గీతలకు సుద్ద రాసి, టేపుతో ముందువైపు దూరం, చక్రాలు సగం తిప్పి అదే గీతలు వెనక్కి వచ్చాక వెనకవైపు దూరం కొలవండి. ముందువైపు 2 నుంచి 6 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. టేపుకు హౌసింగ్ అడ్డం పడకుండా చక్రం మధ్య ఎత్తులోనే రెండు కొలతలూ తీయాలి.

బండి పొడుగు కనబడాలని పొడవైన షాకిళ్ళు (కమాన్ చివరను ఛాసిస్‌కు కలిపే పట్టీలు) వేయించిన జిప్సీల్లో ఇంత చేసినా కొంత ఊపు మిగులుతుంది. షాకిల్ పొడవు పెరిగినకొద్దీ ఇరుసు తిరిగి క్యాస్టర్ కోణం, అంటే కింగ్‌పిన్‌ల గీత వెనక్కి వాలిన వాలు, తగ్గుతుంది. చక్రాన్ని నేరుగా నిలిపేది ఆ కోణమే. పాత కమాన్లను కొలిమిలో కాల్చి వంపు తెప్పించిన బండిదీ ఇదే తంతు, కొంతకాలానికి రెండు పక్కలా వేర్వేరుగా వాలిపోతాయి. షాకిళ్ళు కంపెనీవి వేసి, రబ్బరు బుష్‌లు నలిగి ఉంటే మార్చి, ఇరుసును కమాన్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడు బిగించాకే స్టీరింగును నిందించాలి.

రోడ్డు మీద మొదటి 20 కిలోమీటర్లు తిరిగొచ్చి హబ్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడుంటే వీల్ బేరింగు బిగుతైంది, వెంటనే విప్పి చూడాలి. 500 కిలోమీటర్ల తర్వాత చక్రాలు లేపి పైనా కిందా ఊపి ఆట చూసి, కింగ్‌పిన్ బోల్టులు, నకిల్ పట్టీ బోల్టులు, యూ బోల్టులు మళ్ళీ టార్క్ పానాతో తడమాలి. గుండు మీద పలుచటి ఆయిల్ పొర మామూలే, సీలు తన పని చేస్తోందని అర్థం. బొట్టు కట్టి టైరు మీద పడితేనే మళ్ళీ బ్రీదర్ దగ్గర మొదలుపెట్టాలి.

ఫ్రీ వీల్ హబ్‌లు ఎప్పుడూ ఫ్రీ మీదే ఉంచేవాళ్ళు నెలకోసారి లాక్ చేసి, మట్టిరోడ్డు మీద ఫోర్ బై ఫోర్‌లో నాలుగైదు కిలోమీటర్లు నడపాలి. లేకపోతే ముందు షాఫ్టులు తిరగవు, జాయింటులో గ్రీజు ఒకవైపు గడ్డకట్టి రెండోవైపు తుప్పు పడుతుంది, లోపలి సీలు పెదవి షాఫ్టుకు అతుక్కుంటుంది. ఎండిన తారురోడ్డు మీద మాత్రం ఆ లివర్ ముట్టుకోవద్దు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి, మధ్యలో తేడా తీర్చే గేర్లు ఇందులో లేవు, తారు మీద టైరు జారదు కాబట్టి ఆ బిగుతంతా షాఫ్టు జాయింట్ల మీదా ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్ల మీదా పడుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో పట్టేది 0.8 లీటరు ఆయిలే. ఇరుసు పని చేయించిన రోజే దాని మట్టమూ చూసి, అది వేలాడే మూడు రబ్బరు మౌంట్లు చీలాయేమో టార్చి వేసి చూడండి.